మూత తెరిచాక చెదిరిపోయే అక్షరాలు, ఊరికే ఉన్నప్పుడు మినుకుమనే తెర: రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్, ఉబుంటు 24.04

పెన్నాతీరం (మారతహళ్లి, బెంగళూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఇంటి నుంచే తెలుగు పుస్తకాలకు పేజీల అమరిక చేస్తాను. ప్రచురణకర్తలు పంపే రాతప్రతిని లిబ్రేఆఫీస్‌లో సరిచూసి, స్క్రైబస్‌లో పేజీలు కట్టి, పీడీఎఫ్ తయారుచేసి పంపడం నా పని. ఇందుకోసం ఎస్.పి. రోడ్డులో వాడిన ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కున్నాను. అందులో ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, దానిలోనే ఉండే యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్, విడిగా ఎన్విడియా జీటీఎక్స్ 1050 ఉన్నాయి. ఉబుంటు 24.04 వేసి ఇచ్చారు. పాత తెర పగిలినందువల్ల వేరే తెర బిగించామని అమ్మేటప్పుడే చెప్పారు. ఇంట్లో హెచ్‌డీఎంఐ తీగతో ఒక మానిటర్ కలుపుకొని, పేజీని మానిటర్ మీద, రాతప్రతిని ల్యాప్‌టాప్ తెర మీద పెట్టుకుని పనిచేస్తాను.

నాకు వస్తున్న ఇబ్బందులు రెండు. వాటికి మూలం ఒకటేనా, వేరువేరా అన్నది తేలడం లేదు.

మొదటిది, ల్యాప్‌టాప్ సొంత తెర మినుకుమంటుంది. టైప్ చేస్తున్నంతసేపూ, వీడియో నడుస్తున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. ప్రూఫు చదువుతూ చేతులు కదపకుండా కాసేపు కూర్చుంటే మాత్రం తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంది, లేదా కింది భాగంలో సన్నటి అడ్డగీత మెరిసి మాయమవుతుంది. మౌస్ కదిపితే సర్దుకుంటుంది. బయటి మానిటర్ మీద ఇది నేను ఎప్పుడూ చూడలేదు.

రెండవది ఇంకా కలవరపెడుతోంది. మూత మూసి, కొంతసేపటి తరువాత తెరిస్తే డెస్క్‌టాప్ అంతా చెదిరిపోయి కనిపిస్తుంది. వాల్‌పేపర్ ఉండవలసిన చోట రంగురంగుల గళ్లు వస్తాయి. పై పట్టీలోని గడియారం అంకెలు, మెనూల్లోని అక్షరాలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి, విండోల చుట్టూ నీడలు ఉండేచోట నల్లటి చతురస్రాలు తేలుతాయి. ఇది రెండు తెరల మీదా ఉంటుంది. లాగవుట్ చేసి మళ్లీ లోపలికి వస్తే పోతుంది.

నా పనిలో ఒత్తు ఒకటి కనిపించకపోయినా, చోటు తప్పినా అది అచ్చుతప్పే అవుతుంది. ‘స్వాతంత్ర్యం’ వంటి మాటలో చివరి ఒత్తు సగమే కనిపిస్తే, అది ఫాంటు లోపమో, స్క్రైబస్ లోపమో, తెర లోపమో తెలియక ప్రతిసారీ పీడీఎఫ్ తీసి ఫోన్‌లో చూసుకోవలసి వస్తోంది. అంగడివారు తెర మళ్లీ మార్చాలంటున్నారు. పక్క ఫ్లాట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇది గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్యే అంటున్నారు. డబ్బు ఖర్చు పెట్టేముందు అసలు కారణాన్ని నిర్ధారించుకునే మార్గం చెప్పగలరా? ఉబుంటు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగం) 6.14 నడుస్తోంది. అప్‌డేట్లన్నీ వేసుకుంటూనే ఉన్నాను.


అనంత_బీటీఎం

నమస్కారమండి. ఏదీ మార్చకముందు కొన్ని విషయాలు చూసి చెప్పండి.

ఈసారి మూత తెరిచాక అక్షరాలు చెదిరినప్పుడు వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌కు పంపుకుని చూడండి. చెదురు ఆ బొమ్మలో కూడా ఉందా, లేదా? మినుకు విషయంలో స్క్రీన్‌షాట్ పనికిరాదు. తెరను రికార్డు చేద్దామన్నా, రికార్డింగ్ మొదలవగానే పై పట్టీలో సెకన్లు కదులుతాయి కనుక తెర ఊరికే ఉండదు, మినుకు అసలు రాకపోవచ్చు. దానికి బదులు ల్యాప్‌టాప్ మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచి చూడండి, ఆ కదలికతో మినుకు పెరిగితే తీగను అనుమానించాలి. ఆ తరువాత బయోస్ సెట్టింగుల పేజీకి వెళ్లి, ఏమీ నొక్కకుండా కాసేపు దానినే గమనించండి. అక్కడ లినక్స్ డ్రైవర్ ఏదీ ఉండదు కాబట్టి, అక్కడ కూడా మినుకుమంటే అంగడివారి మాటే నిజం కావచ్చు.

వీటితో పాటు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, సిస్టమ్ డీటెయిల్స్ తెరిచి విండోయింగ్ సిస్టమ్ (తెర మీద విండోలను చూపించే వ్యవస్థ, ఎక్స్11 లేదా వేలాండ్) దగ్గర ఏముందో చెప్పండి. టెర్మినల్‌లో ‘ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ’, ‘ఎన్విడియా-ఎస్ఎంఐ’ అన్న రెండు కమాండ్‌లు నడిపి, వచ్చిన జవాబులు కూడా ఇక్కడ రాయండి; మొదటిది డెస్క్‌టాప్ గీసేందుకు ఏ చిప్ ఎంపికైందో చెబుతుంది, రెండవది ఎన్విడియా డ్రైవర్ స్థితిని చూపిస్తుంది. కమాండ్‌లను చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఆంగ్లంలోనే కొట్టాలి.


పెన్నాతీరం

మీరు చెప్పినవన్నీ చూశాను, ధన్యవాదాలు. చెదిరిన అక్షరాలు స్క్రీన్‌షాట్‌లో కూడా అలాగే పడ్డాయి, ఫోన్‌లో చూసినా అవే గళ్లు కనిపించాయి. మూత వంచినప్పుడు మినుకులో ఏ తేడా లేదు. బయోస్ పేజీలో తెర నిలకడగా ఉంది. విండోయింగ్ సిస్టమ్ దగ్గర ఎక్స్11 అని ఉంది. ప్రైమ్-సెలెక్ట్ జవాబు ‘ఎన్విడియా’. ఎన్విడియా-ఎస్ఎంఐ పట్టికలో డ్రైవర్ వెర్షన్ 550తో మొదలవుతోంది, కార్డు పేరు కూడా సరిగానే చూపిస్తోంది.


తుంగభద్ర

పెన్నాతీరం గారూ, మీరు ఇచ్చిన వివరాలతో విషయం దాదాపు తేలినట్టే. మీకున్నవి రెండు వేరువేరు సమస్యలు, అవి వస్తున్నది రెండు వేరువేరు డ్రైవర్ల దగ్గర. ఒకదానికి చేసిన చికిత్స రెండవదానికి పనిచేయదు. ఇంటర్నెట్‌లో కనిపించిన సెట్టింగులన్నీ ఒకేసారి వేసేవారు చాలామంది ఉన్నారు. అలా చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, తరువాతి అప్‌డేట్‌లో ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు. దయచేసి ఒక మార్పు చేసి, ఒకటి రెండు రోజులు గమనించి, ఆ తరువాతే ఇంకొకటి చేయండి.

ముందుగా మీ యంత్రంలో బొమ్మ తెర మీదకు ఎలా వస్తుందో చెబుతాను, ఎందుకంటే నిర్ధారణ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. ప్రైమ్-సెలెక్ట్ ‘ఎన్విడియా’ అని ఉన్నప్పుడు, ఎక్స్11లో డెస్క్‌టాప్ మొత్తాన్ని ఎన్విడియా చిప్ గీస్తుంది. కానీ ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో సొంత తెర తీగ సాధారణంగా ఇంటెల్ చిప్‌కే కలిసి ఉంటుంది. అందువల్ల ఎన్విడియా గీసిన బొమ్మను ఇంటెల్ తీసుకుని తెరకు అందిస్తుంది. హెచ్‌డీఎంఐ రంధ్రం మాత్రం కొన్ని ల్యాప్‌టాప్‌లలో నేరుగా ఎన్విడియాకు కలిసి ఉంటుంది. మీ లక్షణాలను ఈ దారి పక్కన పెట్టి చూడండి. అక్షరాల చెదురు రెండు తెరల మీదా ఉంది, స్క్రీన్‌షాట్‌లోనూ పడింది, అంటే బొమ్మ గీసే దశలోనే చెడింది. ఆ పని చేస్తున్నది ఎన్విడియా డ్రైవర్. మినుకు ల్యాప్‌టాప్ తెరకే పరిమితం, అంటే బొమ్మ సరిగానే తయారై తెరకు అందే దశలో చెడుతోంది. ఆ దశ ఇంటెల్ డ్రైవర్‌ది, దాని పేరు ఐ915.

మినుకు సంగతి ముందు చూద్దాం. ల్యాప్‌టాప్ తెరలలో ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే సదుపాయం ఉంటుంది, క్లుప్తంగా పీఎస్ఆర్ అంటారు. ల్యాప్‌టాప్ లోపలి తెరను చిప్‌కు కలిపే పద్ధతి అయిన ఈడీపీలో, 2011లో వచ్చిన 1.3 ప్రమాణంతో ఇది మొదలైంది. ఇది ఉన్న తెరకు చిన్న సొంత మెమరీ ఉంటుంది. తెర మీద ఏదీ మారనప్పుడు గ్రాఫిక్స్ చిప్ బొమ్మలు పంపడం మానేసి విశ్రాంతి తీసుకుంటుంది, తెర తన మెమరీలో దాచుకున్న బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. బ్యాటరీ ఆదా అవుతుంది. చిక్కంతా ఆ విశ్రాంతిలోకి వెళ్లేటప్పుడూ, అందులోంచి లేచేటప్పుడూ వస్తుంది. తెరకూ చిప్‌కూ మధ్య సమయం కుదరకపోతే ఒక్క క్షణం నలుపు గాని, గీత గాని కనిపిస్తుంది. చేతులు కదపనప్పుడే రావడం, మౌస్ కదిపితే ఆగడం, వీడియో నడుస్తుంటే రాకపోవడం, బయటి మానిటర్‌కు అంటకపోవడం, ఇవన్నీ పీఎస్ఆర్ వైపే వేలు చూపిస్తున్నాయి. పైగా మీ తెర యంత్రంతో పాటు వచ్చినది కాదు, తరువాత బిగించినది. తెర పాడైందని దీని అర్థం కాదు. ఆ తెరా, ఈ చిప్పూ, ఈ డ్రైవరూ ఈ ఒక్క సదుపాయంలో పొసగడం లేదేమో అన్నదే అనుమానం.

అనుమానాన్ని రుజువు చేసుకోవడం తేలిక, అదీ ఏదీ శాశ్వతంగా మార్చకుండానే. ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు కంపెనీ గుర్తు కనిపించిన వెంటనే ఎస్కేప్ మీట నొక్కితే గ్రబ్ (ఉబుంటును మొదలుపెట్టే ప్రోగ్రాం) మెనూ వస్తుంది. ఉబుంటు అన్న వరుస మీద ఉండి ‘ఇ’ మీట నొక్కండి. ‘లినక్స్’ అన్న మాటతో మొదలయ్యే పొడవైన పంక్తిలో ‘క్వైట్ స్ప్లాష్’ అన్న మాటల తరువాత ఒక ఖాళీ వదిలి ‘ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0’ అని చేర్చి, కంట్రోల్‌తో ఎక్స్ నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే ఉంటుంది, మళ్లీ రీబూట్ చేస్తే పోతుంది. నిజంగా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి రూట్ అధికారంతో ‘/సిస్/కెర్నల్/డీబగ్/డీఆర్ఐ’ ఫోల్డర్‌లోకి వెళ్లి, 0 లేదా 1 అన్న ఉపఫోల్డర్‌లో ‘ఐ915_ఈడీపీ_పీఎస్ఆర్_స్టేటస్’ దస్త్రాన్ని చదవండి. మార్పుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చదివితే మంచిది. మొదటిసారి అందులో తెరకు పీఎస్ఆర్ మద్దతు లేదని ఉంటే నా అనుమానం తప్పు, మనం వేరే దారి వెతకాలి. మద్దతు ఉండి, ఆపిన తరువాత మినుకు కూడా ఆగితే, ‘/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’ దస్త్రంలో ‘క్వైట్ స్ప్లాష్’ ఉన్న చోటే ఆ మాటను చేర్చి, ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ నడపండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. మీరు ఇంట్లో ప్లగ్గుకు పెట్టుకునే పనిచేస్తారు కనుక అది పెద్ద నష్టమని నేను అనుకోను.

కెర్నల్ లాగ్‌ను కూడా ఒకసారి చూడండి. ‘జర్నల్‌సీటీఎల్ -కె -బి’ నడిపి, అందులో ‘ఫిఫో అండర్‌రన్’ అన్న మాటలు వెతకండి. అవి కనిపిస్తే తెరకు డేటా సమయానికి అందడం లేదని డ్రైవరే చెబుతున్నట్టు. పీఎస్ఆర్ మినుకు లాగ్‌లో ఏ గుర్తూ వదలకుండా కూడా రావచ్చు కాబట్టి, లాగ్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన డ్రైవర్ నిర్దోషి అని తేల్చవద్దు.

ఇక చెదిరిన అక్షరాలు. గ్నోమ్ డెస్క్‌టాప్ తన మెనూల్లో, పై పట్టీలో వాడే ప్రతి అక్షరరూపాన్నీ ఒకసారి గీసి, ఆ చిన్న బొమ్మను వీడియో మెమరీలో దాచుకుని, తరువాత మళ్లీ మళ్లీ దానినే వాడుకుంటుంది. వాల్‌పేపర్, విండోల నీడలు కూడా అలాగే ఆ మెమరీలోనే ఉంటాయి. మూత మూసి యంత్రం సస్పెండ్ అయినప్పుడు, అంటే నిద్రలోకి వెళ్లినప్పుడు, ప్రధాన మెమరీకి కరెంటు అందుతూనే ఉంటుంది, విడి గ్రాఫిక్స్ కార్డు మెమరీకి మాత్రం అందదు. అందులో ఉన్నదాన్ని పడుకునే ముందు వేరేచోట భద్రపరిచి, లేచాక తిరిగి నింపాలి. ఎన్విడియా డ్రైవర్‌లో ఈ పనిని పూర్తిగా చేసే ఏర్పాటు ఉంది, కానీ అది అమలులో లేకపోతే డ్రైవర్ అత్యవసరమైన వాటిని మాత్రమే కాపాడుతుంది, తక్కినవి చెత్తగా మారుతాయి. మీకు కనిపించే రంగు గళ్లు ఆ చెత్తే. లాగవుట్ చేస్తే అన్నీ కొత్తగా గీస్తారు కనుక సమస్య పోయినట్టుంటుంది.

దీనికి మీ ముందు రెండు దారులున్నాయి. మీ పనికి మొదటిదే మేలని నా అభిప్రాయం. పేజీల అమరికకు జీటీఎక్స్ 1050 అవసరం లేదు, ఇంటెల్ చిప్ ఒక్కటే చాలు. ‘సుడో ప్రైమ్-సెలెక్ట్ ఆన్-డిమాండ్’ నడిపి రీబూట్ చేస్తే డెస్క్‌టాప్‌ను ఇంటెల్ గీస్తుంది, మీరు ప్రత్యేకంగా అడిగిన ప్రోగ్రాములే ఎన్విడియా మీద నడుస్తాయి. ఇంటెల్ చిప్‌కు వేరే మెమరీ లేదు, ప్రధాన మెమరీనే వాడుకుంటుంది. కనుక పడుకుని లేచినా డెస్క్‌టాప్ అక్షరాలు చెదరవు.

రెండవ దారి, ఎన్విడియా మీదే ఉంటూ మెమరీని పూర్తిగా భద్రపరిచే ఏర్పాటును అమలులో పెట్టడం. ‘/ప్రాక్/డ్రైవర్/ఎన్విడియా/పారామ్స్’ దస్త్రంలో ‘ప్రిజర్వ్ వీడియో మెమరీ అలొకేషన్స్’ అన్న వరుసలో 1 ఉందో 0 ఉందో చూడండి. 0 ఉంటే, ‘/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి’ ఫోల్డర్‌లో ఒక దస్త్రం పెట్టి ఆ విలువను 1 చేయాలి, తాత్కాలిక దస్త్రానికి ‘/వార్/టీఎంపీ’ ఫోల్డర్‌ను చూపించాలి. ఈ రెండు పరామితుల పేర్లలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలగలిసి ఉంటాయి కాబట్టి, డ్రైవర్‌తో పాటు వచ్చే రీడ్‌మీలో పవర్ మేనేజ్‌మెంట్ గురించిన అధ్యాయం తెరిచి, అక్కడి నుంచే యథాతథంగా తీసుకోండి. ఆ తరువాత ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు’ నడిపి రీబూట్ చేయాలి. గ్రాఫిక్స్ మెమరీ అంతా పట్టి, ఇంకాస్త మిగిలేంత ఖాళీ డిస్కులో ఉండాలి. ‘ఎన్విడియా-సస్పెండ్’, ‘ఎన్విడియా-రెస్యూమ్’ అనే సర్వీసులు ఎనేబుల్ అయి ఉన్నాయో లేదో ‘సిస్టమ్‌సీటీఎల్’తో చూడడం మరవవద్దు. పరామితిని 1 చేసి సర్వీసులను వదిలేస్తే యంత్రం అసలు సస్పెండ్ కాకపోవచ్చు.

చివరగా, మీ అసలు భయం గురించి. స్క్రైబస్ గాని, లిబ్రేఆఫీస్ గాని పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు అక్షరాలను తెర మీది నుంచి తీసుకోవు. ఏ హల్లుకు ఏ ఒత్తు ఎక్కడ పడాలో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఫాంటులోని నియమాలను చదివి లెక్కగడుతుంది, ఆ ఆకృతులే నేరుగా పీడీఎఫ్‌లోకి వెళతాయి. లిబ్రేఆఫీస్‌లో అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా 5.3 నుంచి, స్క్రైబస్‌లో 1.5.3 నుంచి తెలుగుకు ఈ ఏర్పాటు ఉంది. ఈ లెక్కలో గ్రాఫిక్స్ డ్రైవర్‌కు పాత్ర లేదు కాబట్టి అది మీ తెరను పాడుచేయగలదు గాని, మీ పుస్తకాన్ని పాడుచేయలేదు. తేడా గుర్తుపట్టడానికి పీడీఎఫ్ తీయవలసిన పని కూడా లేదు. అనుమానం ఉన్న మాటను పెద్దది చేసి, పేజీని పైకీ కిందికీ జరిపి చూడండి. ఫాంటు లోపమైతే ఆ ఒత్తు ఏ సైజులోనైనా, ఎన్నిసార్లు జరిపినా ఒకే విధంగా తప్పుతుంది, అదే మాట ఇంకో పేజీలో వచ్చినా అక్కడా తప్పుతుంది. డ్రైవర్ లోపమైతే తిరిగి గీసినప్పుడల్లా మారుతుంది, లేదా మాయమవుతుంది.


మడకశిర

తుంగభద్ర గారు చెప్పిన దానికి కొన్ని జాగ్రత్తలు చేరుస్తాను. ఇలాంటి సమస్య రాగానే చాలామంది ఎన్విడియా వెబ్‌సైట్‌కు వెళ్లి, ‘.రన్’తో ముగిసే ఇన్‌స్టాలర్ దించుకుని నడుపుతారు. ఉబుంటులో ఆ పని చేయవద్దు. ఉబుంటు ప్యాకేజీల నిర్వహణకు తెలియకుండా అది దస్త్రాలను మార్చేస్తుంది, ఆ తరువాత కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడు డ్రైవర్ ఒక వెర్షన్‌లో, లైబ్రరీలు ఇంకో వెర్షన్‌లో మిగిలి, నల్లటి తెర ముందు కూర్చోవలసి రావచ్చు. ‘అడిషనల్ డ్రైవర్స్’ విండో గాని, ‘ఉబుంటు-డ్రైవర్స్’ కమాండ్ గాని వాడడమే మంచిది.

ఆ విండోలో పేరు చివర ‘ఓపెన్’ అని ఉన్న ప్యాకేజీలు కూడా కనిపించవచ్చు. మీ కార్డుకు అవి పనికిరావు. ఎన్విడియా 2022లో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ కెర్నల్ మాడ్యూళ్లు (కెర్నల్‌లో చేరే డ్రైవర్ భాగాలు) ట్యూరింగ్ తరం నుంచి వచ్చిన కార్డులకే పనిచేస్తాయి, జీటీఎక్స్ 1050 అంతకుముందటి పాస్కల్ తరానిది. పాస్కల్ తరానికి మద్దతు ఇచ్చే చివరి డ్రైవర్ శ్రేణి 580 అని ఎన్విడియా ప్రకటించింది కూడా. కనుక కొత్త అంకె కనిపించిందని తొందరపడకుండా, మీ కార్డుకు వర్తిస్తుందో లేదో చూసి ఎక్కించుకోండి.

సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) మాట ఎవరూ ఎత్తలేదు. మీ ఎన్విడియా-ఎస్ఎంఐ జవాబు ఇస్తోంది కాబట్టి ఇప్పటికి మాడ్యూల్ సరిగానే ఎక్కుతోంది. ఎప్పుడైనా కెర్నల్ అప్‌డేట్ తరువాత బయటి మానిటర్ కనిపించడం మానేసి, ఆ కమాండ్ డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నానంటే మొదట అనుమానించవలసింది దానినే. ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ సంతకంతో ముందే తయారై వచ్చే మాడ్యూళ్లకు ఈ బాధ లేదు. మీ యంత్రంలోనే డీకేఎంఎస్ అనే సాధనం కట్టే మాడ్యూళ్లకు మాత్రం మీ సొంత తాళంచెవిని రీబూట్ సమయంలో వచ్చే నీలం తెర మీద నమోదు చేయాలి. ఆ నీలం తెర కొద్దిసేపే ఆగుతుంది, చూడకుండా వదిలేస్తే యంత్రం మామూలుగా మొదలై, డ్రైవర్ మాత్రం ఎక్కకుండా ఉండిపోతుంది.

ఒక విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. ప్రైమ్-సెలెక్ట్ మార్చేముందు, లాగిన్ పేజీలో మీ పేరు నొక్కాక కింద కుడివైపు కనిపించే పళ్లచక్రం గుర్తులో ‘ఉబుంటు ఆన్ వేలాండ్’ ఎంచుకుని ఒకసారి చూడమంటాను. ఉబుంటు 24.04లో ఎన్విడియా ఉన్న యంత్రాలు మొదట ఎక్స్11లోకే వెళతాయి, మీకు జరిగింది అదే. కానీ 25.10 నుంచి ఉబుంటు డెస్క్‌టాప్‌కు ఎక్స్11 సెషన్ అసలు లేదు, ఎలాగూ కొంతకాలానికి మారవలసిందే. వేలాండ్‌లో ఎన్విడియాకు పేరుమోసిన ఇబ్బంది ఒకటుండేది. టైప్ చేసిన అక్షరం వెనక్కి పోయి మళ్లీ వచ్చినట్టు, పాత బొమ్మా కొత్త బొమ్మా ఒకదాని వెంట ఒకటి మెరిసేవి. గీసేవారూ చూపించేవారూ ఒకరికోసం ఒకరు ఆగేందుకు ‘ఎక్స్‌ప్లిసిట్ సింక్’ అనే ఏర్పాటు 2024లో ఎన్విడియా 555 డ్రైవర్, ఎక్స్‌వేలాండ్ (వేలాండ్‌లో ఎక్స్11 ప్రోగ్రాములను నడిపేది) 24.1 వెర్షన్లతో వచ్చాక అది చాలావరకు తీరింది. మీ 550 డ్రైవర్ అంతకుముందటిది కనుక, వేలాండ్‌లో అటువంటి మెరుపు కనిపిస్తే ఆశ్చర్యపడవద్దు, డ్రైవర్ శ్రేణిని మార్చుకున్నాక మళ్లీ ప్రయత్నించండి.


తుంగభద్ర

మడకశిర గారి సలహా సరైనదే, కానీ క్రమం విషయంలో నాది ఒక మనవి. సెషన్ మారిస్తే ఒకేసారి చాలా అంశాలు మారిపోతాయి, సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు. ముందు పీఎస్ఆర్, తరువాత ప్రైమ్-సెలెక్ట్, ఆ తరువాతే వేలాండ్.


పెన్నాతీరం

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. చెప్పిన క్రమంలోనే చేశాను. పీఎస్ఆర్ దస్త్రంలో మొదట తెరకు మద్దతు ఉందనీ, అది అమలులో ఉందనీ కనిపించింది. గ్రబ్ మెనూలో తాత్కాలికంగా ఆపి, ఒక పెద్ద ప్రూఫు మొత్తం ఆ తెర మీదే చదివాను, మినుకు ఒక్కసారి కూడా రాలేదు. పరామితి లేకుండా రీబూట్ చేస్తే తిరిగి వచ్చింది. దాంతో అనుమానం లేకుండా తేలిపోయి, శాశ్వతంగా చేర్చుకున్నాను. అంగడికి వెళ్లే ఆలోచన మానుకున్నాను.

తరువాత ఆన్-డిమాండ్‌కు మార్చాను. మూత మూసి తెరిచినా ఇప్పుడు వాల్‌పేపర్, గడియారం, మెనూలు చెక్కుచెదరడం లేదు. పేజీని పెద్దది చేసి జరిపి చూసే పద్ధతి నాకు ఎంతో ఉపయోగపడింది. ‘స్వాతంత్ర్యం’లో చివరి ఒత్తు ఒక ఫాంటులో ప్రతిసారీ ఒకేలా పై గీతకు తగులుతోంది. అంటే అది నిజంగా ఫాంటు లోపమే. ఇన్నాళ్లూ రెండూ కలిసిపోయి కనిపించాయి. ఆ ఫాంటు మార్చమని ప్రచురణకర్తకు రాశాను.

ఇప్పుడు మిగిలింది ఒకటే. ఆన్-డిమాండ్‌లో బయటి మానిటర్ మీద మౌస్ బాణం కొంచెం బరువుగా, వెనకబడి కదులుతున్నట్టుంది. ల్యాప్‌టాప్ తెర మీద అలా లేదు. స్క్రైబస్‌లో టెక్స్ట్ ఫ్రేములను సరిగ్గా గీతకు ఆనించేటప్పుడు చేయి తడబడుతోంది. దీనికి ఏమైనా చేయవచ్చా, లేక ఎన్విడియా పద్ధతికే తిరిగి వెళ్లాలా?


తుంగభద్ర

చాలా సంతోషం. మీరు చెప్పిన ఆ బరువుకు కారణం ఉంది. ఇప్పుడు బొమ్మను ఇంటెల్ గీస్తోంది, మీ హెచ్‌డీఎంఐ రంధ్రం ఎన్విడియాకు కలిసి ఉంటే, గీసిన ప్రతి బొమ్మనూ ఎన్విడియాకు నకలు చేసి పంపాల్సి వస్తుంది. ఆ ఆలస్యమే మౌస్ దగ్గర మీ చేతికి తెలుస్తోంది.

మొదట ఏ రంధ్రం ఏ చిప్‌దో చూడండి. ‘/సిస్/క్లాస్/డీఆర్ఎం’ ఫోల్డర్‌లో ‘కార్డ్0’ గాని ‘కార్డ్1’ గాని ముందుండి, దాని వెనుక రంధ్రం పేరు ఉన్న ఉపఫోల్డర్లు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ సొంత తెర పేరు ‘ఈడీపీ’తో మొదలవుతుంది, దాని ముందున్న కార్డు ఇంటెల్‌ది. హెచ్‌డీఎంఐ ముందు వేరే అంకె ఉంటే నేను చెప్పింది నిజమే. అప్పుడు మీ ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ-సీ రంధ్రం తెరకు బొమ్మ పంపగలిగే రకమై, ఇంటెల్ కార్డు పేరు మీద ‘డీపీ’ అన్న ఉపఫోల్డర్ కనిపిస్తే, మానిటర్‌ను ఆ దారిలో కలపండి. నకలు చేసే పని ఉండదు, బరువూ ఉండదు. ఇంకా మంచిది, అన్నీ ఒక్క డ్రైవర్ చేతిలోనే ఉంటాయి.

అటువంటి రంధ్రం లేకపోతే, పగలంతా మానిటర్ మీదే పని కనుక మీరు ఎన్విడియా పద్ధతికే తిరిగి వెళ్లి, వీడియో మెమరీని భద్రపరిచే రెండవ దారిని అమలు చేయడం మేలు. సర్వీసులు ఎనేబుల్ అయ్యాయని చూసుకున్నాక, సేవ్ చేయని పని ఏదీ లేని సమయంలో ఒకసారి మూత మూసి తెరిచి పరీక్షించండి. యంత్రం లేవకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది, అక్కడ లాగిన్ అయి ‘జర్నల్‌సీటీఎల్ -కె -బి’లో ‘ఎన్‌వీఆర్ఎం’తో మొదలయ్యే వరుసలు చూసి ఇక్కడ పెట్టండి. అది కూడా రాక పవర్ మీటతో ఆపవలసి వస్తే, మళ్లీ మొదలయ్యాక ‘-బి -1’ అని చేర్చి నడపండి, అంతకుముందటి బూట్ లాగ్ చూపిస్తుంది.

పీఎస్ఆర్ గురించి ఇంకొక్క మాట. ఉబుంటు కొత్త కెర్నల్ శ్రేణికి మారినప్పుడు, గ్రబ్ మెనూలో ఆ పరామితిని తీసేసి ఒక పూట చూడండి. మినుకు ఇంకా వస్తూ ఉంటే, ఫ్రీడెస్క్‌టాప్ సంస్థ గిట్‌ల్యాబ్‌లో ఐ915 డ్రైవర్‌కు ప్రత్యేకంగా ఉన్న పేజీలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కెర్నల్ లాగ్, పీఎస్ఆర్ స్టేటస్ దస్త్రం, తెర మోడల్ సంఖ్య మూడూ జతచేయాలి. ఆ మోడల్ సంఖ్య ‘ఈడీపీ’ ఉపఫోల్డర్‌లోని ‘ఈడీఐడీ’ దస్త్రాన్ని ‘ఈడీఐడీ-డీకోడ్’తో చదివితే తెలుస్తుంది, ల్యాప్‌టాప్ విప్పనవసరం లేదు.